అసలు కంటే ముందు వచ్చిన నకలు

ముందే ఒప్పుకుంటాను. నేను చెప్పబోయే దాంట్లో దయ్యం ఉందో లేదో నాకు తెలియదు. మూర్ఖుడు మాత్రం ఉన్నాడు. ఆ మూర్ఖుడు నేనే.

దయ్యాల మీద నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. మడకశిర దారిలో తెల్లచీర కట్టుకున్న మనిషి కనిపిస్తుందని మా అవ్వ చెబితే, "పట్టుదా అవ్వా, కాటన్‌దా?" అని అడిగి దెబ్బలు తిన్నాను. మాది చీరల అంగడి పెట్టుకున్న కుటుంబం. మాకు అంచు, కొంగు తెలియని చీర మీద నమ్మకం కుదరదు.

అంగడి మా అన్న ఆదినారాయణకు వచ్చింది. నాకు కంప్యూటర్లు వచ్చాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్ళలోనూ శాఖలున్న ఒక ప్రైవేటు రక్తపరీక్షల ల్యాబులో సర్వర్లు చూసుకోవడం నా పని. ల్యాబు పేరు చెప్పను. ఇంకా అక్కడే పనిచేస్తున్నాను.

ఆ సర్వర్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

మూడు ఊళ్ళలో మూడు మిషన్లు ఉన్నాయి. హిందూపురంది అసలు. మిగతా రెండూ నకళ్ళు. బడిలో డిక్టేషన్ లాగా అనుకోండి. ఏ శాఖలో రక్తం తీసినా రిపోర్టు మొదట హిందూపురం మిషన్‌లో ఎక్కుతుంది. అది చెబుతుంది, పెనుకొండ, ధర్మవరం మిషన్లు రాసుకుంటాయి. అసలుకు ఏమైనా అయితే నకళ్ళలో ఒకదాన్ని పంతులు కుర్చీలో కూర్చోబెట్టి పని నడిపిస్తాం. నకళ్ళకు సొంతంగా ఏదీ రాసే హక్కు లేదు.

ఆ మిషన్లలోని డేటాబేస్ పాతదైపోయింది. దాన్ని తయారుచేసినవాళ్ళు ఇక మరమ్మతులు ఇవ్వమని చెప్పేశారు. కొత్తదానికి మారాలి. మారుతున్నంత సేపు ల్యాబు ఆగకూడదు. దానికి పద్ధతి ఉంది. ముందు ధర్మవరం నకలును లైను నుంచి తప్పించి మార్చాలి. తిరిగి తగిలించి, ఈలోగా తప్పిపోయిన డిక్టేషన్ రాసుకోనివ్వాలి. తర్వాత పెనుకొండ. ఆఖరున పెనుకొండను పంతులుగా కూర్చోబెట్టి హిందూపురాన్ని మార్చాలి. సరిగా చేస్తే ల్యాబు ఆగేది ఆ కుర్చీలు మారే నాలుగైదు నిమిషాలే.

ఇలాంటివి అందరూ రాత్రిపూట చేస్తారు. మాకు రాత్రి కుదరదు, ఆస్పత్రుల నుంచి అర్జెంటు శాంపిళ్ళు వచ్చేది అప్పుడే. ఏ రోజు రద్దీ తక్కువో తెలుసుకోవడానికి పాత రికార్డులన్నీ తీసి చూశాను. ఆదివారాలు కావు, పండగలు కావు. అమావాస్యలు. మా వైపు అమావాస్య నాడు ఒంట్లోంచి నెత్తురు తీయించుకోరు. డాక్టరు రాసిచ్చినా చీటీ మడిచి జేబులో పెట్టుకొని మర్నాడు వస్తారు. దయ్యాలను నమ్మనివాణ్ణి, అమావాస్యను నమ్ముకున్నాను. మేనేజరుకు పంపిన ప్లానులో మాత్రం "తక్కువ రద్దీ దినం" అని రాశాను.

ఇక మా అన్న. యాభై మూడేళ్ళు. రెండేళ్ళుగా కిడ్నీలు సరిగా పనిచేయడం లేదు. డయాలిసిస్ దాకా రాలేదు గానీ, ఒంట్లో పొటాషియం ఐదు దాకా ఉండొచ్చు గానీ ఆరు దాటితే గుండె ఆగిపోతుందని, పదిహేను రోజులకోసారి పరీక్ష చేయించుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. అరటిపండు, కొబ్బరినీళ్ళు ముట్టుకోవద్దన్నాడు. అన్న ఆ రెండూ అంగడిలో గల్లాపెట్టె వెనకాల దాచి తాగేవాడు, తినేవాడు. రక్తపరీక్షల ల్యాబులో తమ్ముడు ఉన్నాడు కదా అని ధీమా. రక్తసంబంధం అంటే అదే అనుకునేవాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సర్వర్‌లో ఏదైనా కొత్తగా చేసినప్పుడు పనిచేస్తోందో లేదో చూడటానికి ఉత్తుత్తి రిపోర్టు ఒకటి ఎక్కించి తీసేస్తాం. నేను ఎప్పుడూ మా అన్న పేరే ఎక్కించేవాణ్ణి. పేరు, వయసు నోటికి వచ్చు కాబట్టి. ఫలితాలు మాత్రం నోటికొచ్చినవి వేసేవాణ్ణి. ఆ రికార్డుల ప్రకారం మా అన్నకు మూడుసార్లు మలేరియా వచ్చింది, ఒకసారి గర్భం కూడా వచ్చింది. ఆయనకు చెబితే అంగడిలో ఉన్న అందరికీ చెప్పుకొని నవ్వాడు.

పరీక్ష గడువు సరిగ్గా ఆ అమావాస్య వారంలోనే పడింది. ముందురోజు సాయంత్రం అంగడికి వెళ్ళి, రేపు వెళ్ళి రక్తం ఇచ్చి రమ్మని చెప్పాను.

"రేపు అమావాస్య రా. రేపు యాడన్నా నెత్తురిస్తారా?"

"రేపైతే ల్యాబు ఖాళీగా ఉంటాది. నువ్వు గంట సేపు కూచోలేవు కదన్నా."

"నీ సర్వర్లకు అమావాస్య కావల్ల, నా నెత్తురుకూ అమావాస్యేనా? రేయ్ సీనా, నువ్వు కంప్యూటర్ మనిషివా, చేతబడి మనిషివా?"

"రెండూ ఒగటేన్నా. పని అయిపోయేదాకా ఎవరికీ అర్థం కాదు."

నవ్వి, పోతాలే అన్నాడు.

మర్నాడు పొద్దున రైలెక్కి ధర్మవరం వెళ్ళాను. అక్కడి శాఖలో తిప్పన్న అని పాత అటెండరు. సర్వర్ గది తాళం ఆయన దగ్గరే ఉంటుంది. తొమ్మిది గంటలకు ధర్మవరం మిషన్‌లో ఎన్ని రిపోర్టులున్నాయో, హిందూపురంలో ఎన్ని ఉన్నాయో చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రెండూ ఒకటే సంఖ్య. అప్పుడు మిషన్ వెనక నుంచి నెట్‌వర్క్ వైరు నా చేత్తో పీకి తిప్పన్న చేతికిచ్చాను.

"అమావాస్య పూట దాని తోక పీకితిరి సార్," అన్నాడు. "కరవదు కదా?"

వైరును గోడకున్న మేకుకు తగిలించాడు. ఆ మిషన్‌కు వైఫై లేదు. ఆ వైరు తప్ప బయటి లోకంతో దానికి ఇంకే సంబంధమూ లేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

అప్‌గ్రేడ్ అరగంటలో అయిపోయింది. ఒక్క తప్పు కూడా రాలేదు. అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూద్దామని రిపోర్టుల సంఖ్య అడిగాను.

ఒకటి ఎక్కువ ఉంది.

తోక లేని మిషన్‌లో ఒక రిపోర్టు పెరిగింది. ఆఖరి వరుస తెరిచాను. పేరు ఆదినారాయణ. మగ. వయసు 58. శాఖ హిందూపురం. పొటాషియం 7.2. రిపోర్టు సమయం, ఆ రోజే, 10:46. మిషన్ గడియారంలోనూ గోడ గడియారంలోనూ టైము 9:51.

నాకేమీ అనిపించలేదు. నిజంగా. ఎప్పుడో నేనే ఎక్కించి తీయడం మరిచిపోయిన ఉత్తుత్తి రిపోర్టు అనుకున్నాను. ఉత్తుత్తి దానికి ఏ టైమైతేనేం. లెక్క సరిపోకపోతే తిరిగి తగిలించినప్పుడు గొడవ చేస్తుందని తీసేయడానికి సిద్ధమయ్యాను. ఏదైనా తీసేసే ముందు రాసుకోవడం నాకు అలవాటు. ఫోనుతో తెర ఫొటో తీశాను. నోట్‌బుక్‌లో ఆ వివరాలన్నీ రాసి పక్కన "టెస్ట్, తీసేశాను" అని పెట్టాను. తీసేశాను. సంఖ్య సరిపోయింది.

అప్పుడే అన్న ఫోను చేశాడు.

"యాడుండావ్ రా?"

"ధర్మవరంలో. నువ్వు ల్యాబుకు పోయినావా లేదా?"

"ఇప్పుడే వచ్చినా. ఈడ పురుగు లేదు. అమావాస్య పూట నెత్తురిచ్చే మొగోణ్ణి ఈ ఊర్లో నేనొక్కణ్ణే అనుకుంటా."

"మంచిదే కదా. బిరీన అయిపోతాది."

"కాళ్ళు బరువుగా ఉండాయి రా. మెట్లెక్కుతాంటే ఇసక మూట కట్టినట్టుండాది."

"ఇచ్చేసి ఇంటికి పోయి పండుకో. రిపోర్టు నా ఫోనుకే వస్తాది. నేను చెప్తాలే."

నేను చెప్తాలే అన్నది ఆయనతో నేను అన్న ఆఖరి మాట. అప్పుడు ఆ నోట్‌బుక్ నా మోచేతి కింద ఉంది.

తిప్పన్న మేకు మీది వైరు తెచ్చిచ్చాడు. తగిలించాను. ధర్మవరం మిషన్ తప్పిపోయిన డిక్టేషన్ రాసుకొని రెండు నిమిషాల్లో హిందూపురాన్ని అందుకుంది. నా ఉద్యోగంలో అంత నున్నగా ఏ పనీ జరగలేదు. టీ తాగి, తిప్పన్నకు చెప్పి, పెనుకొండ బస్సెక్కాను.

ఇక్కడ నా రెండో తెలివితక్కువ పని చెప్పాలి. ప్రమాదకరమైన ఫలితం ఏదైనా వస్తే మా సిస్టమ్ దానంతటదే పేషంటు ఇచ్చిన నంబరుకు మెసేజ్ పంపుతుంది; అన్న ఇచ్చింది నా నంబరే. మిషన్లు మారుతున్నప్పుడు ఒకే మెసేజ్ రెండుమూడుసార్లు పోతుందేమోనని ఆ పూటకు దాన్ని ఆపేశాను. ఆపినట్టు పెనుకొండకు, ధర్మవరానికి చెప్పాను. హిందూపురం వంతు మధ్యాహ్నం కదా, అప్పుడు చెబుదాంలే అనుకున్నాను.

పెనుకొండ చేరేసరికి పన్నెండు కావస్తోంది. వైరు పీకే ముందు అలవాటు ప్రకారం లెక్క చూశాను. సరిపోయింది. ఆఖరి వరుసలు తెరిచాను.

పేరు ఆదినారాయణ. మగ. వయసు 58. పొటాషియం 7.2. సమయం 10:46.

మొదట కోపం వచ్చింది. తీసేసిందాన్ని మళ్ళీ ఎవరు ఎక్కించారని. హిందూపురంలో శశికళ అని టెక్నీషియన్ ఉంది, ఆ పూట డ్యూటీ ఆమెదే. ఫోను చేశాను.

"శశికళా, మా అన్న పేరుతో నువ్వేమైనా ఎక్కించినావా?"

"ఔను సార్. పదిన్నర దాటినాక. పొటాషియం డేంజరని రెడ్ వచ్చింది కదా సార్, రెండుసార్లు చూసే ఎక్కించినా. మీకు మెసేజ్ వచ్చుంటాది కదా?"

ఫోను పెట్టేసి ఇంటికి చేశాను. వదిన ఎత్తింది.

"ఏం సీనా, తింటివా?"

"అన్న యాడుండాడు వదినా?"

"ల్యాబు నుంచి వచ్చి పండుకున్నాడు. కాళ్ళు లాగుతాండాయంటే కొబ్బరినీళ్ళు ఇచ్చినా. నిద్దరపోతాండాడు. లేపల్లా?"

"లేపు వదినా."

ఫోను పక్కన పెట్టినట్టుంది. అడుగులు వినిపించాయి. "ఇదో, సీన ఫోను చేసినాడు, లెయ్యండి" అంది. మళ్ళీ అంది. మూడోసారి పిలిచిన గొంతు వదినది కాదేమో అనిపించింది.

పక్కింటివాళ్ళు ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు. ఒక్క గంట ముందర తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాణ్ణని అక్కడి డాక్టరు వదినతో అన్నాడట. ఆయన మామూలుగా అన్న మాటే అయి ఉంటుంది.

పెనుకొండలో నాకు కారు దొరకడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో నేను పెనుకొండ మిషన్ అప్‌గ్రేడ్ చేశాను. ఎందుకు చేశానో అడగవద్దు. వైరు పీకాను, మార్చాను, లెక్క చూశాను, తగిలించాను. చేతులకు పని తెలుసు. ఎక్కడా తప్పు పోలేదు. కారు వచ్చిందని పిలిస్తే కంప్యూటర్ నుంచి సరిగా లాగౌట్ అయి మరీ వెళ్ళాను.

ఆ తర్వాత పదకొండు రోజులు నాకు పెద్దగా గుర్తు లేవు. ఎవరో ఏదో చెబితే చేశాను. నోట్‌బుక్ తెరిచింది పన్నెండో రోజున.

నేను రాసిన అక్షరాలే. ఆదినారాయణ, మగ, 58, 7.2, 10:46. ఫోనులో ఫొటో కూడా ఉంది. తీసిన టైము 9:52. అప్పటికి మా అన్న ల్యాబు మెట్లెక్కుతున్నాడు. ఆ నెత్తురు ఇంకా ఆయన ఒంట్లోనే ఉంది.

నేను నమ్మని మనిషిని కాబట్టి ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను. పాత ఉత్తుత్తి రిపోర్టే అనుకుంటే, తొమ్మిది గంటల లెక్కలో కూడా అది ఉండాలి. లేదు. మిషన్ గడియారం తప్పు అనుకుంటే, గడియారం తప్పుతుంది గానీ ఇంకా తీయని నెత్తురులో పొటాషియం ఎంతో దానికెలా తెలుస్తుంది? ఎవరో దొంగతనంగా ఎక్కించారంటే, వైరు మేకు మీద ఉంది, గదిలో నేనూ తిప్పన్నా తప్ప ఎవరూ లేరు.

అన్నిటికంటే వయసు దగ్గర ఆగిపోయాను. అన్నకు యాభై మూడు. యాభై ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చింది? శశికళను అడిగాను. ఏడ్చేసింది. చీటీ మీది మూడును ఎనిమిది అనుకొని ఎక్కించానంది. ఆమె 10:46కు చేయబోయే పొరపాటు 9:51కి ధర్మవరంలో ఉంది.

నేను ఎక్కించే ఉత్తుత్తి రిపోర్టుల్లో వయసు నిజం, ఫలితం అబద్ధం. దీంట్లో వయసు అబద్ధం, ఫలితం నిజం. ఆ తేడా ఒక్కటి గమనించి ఉంటే చాలు. అన్న ఫోనులోనే ఉన్నాడు. ఆస్పత్రి ఆ ల్యాబు వీధి చివరే.

తర్వాతి అమావాస్యకు హిందూపురం మిషన్ కూడా మార్చాను. ల్యాబు ఆగింది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో ఒక్క పేషంటు కూడా రాలేదు. మేనేజరు గ్రూపులో నన్ను మెచ్చుకుంటూ మెసేజ్ పెట్టాడు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను.

ఈ సంగతి తిప్పన్నకు ఒక్కడికే చెప్పాను. వైరు సంగతికి సాక్షి కాబట్టి. ఆయన జడుసుకుంటాడనుకున్నాను. బీడీ ఆర్పి, "మిషన్‌దేం తప్పుండాది సార్. అది చెప్పింది. మీరే ఇనలే" అన్నాడు.

ఏది ఎప్పుడు జరిగిందో మూడు మిషన్లూ రాసుకునే చిట్టాలన్నీ తిరగేశాను. ధర్మవరంలో 9:51కి కనిపించిన ఆ వరుస ఎక్కినట్టు ఎక్కడా గుర్తు లేదు. నేను తీసేసినట్టు మాత్రం ఉంది, నా పేరుతో, సెకన్లతో సహా. ఒక నకలు ఇంకా జరగని విషయాన్ని ముందే ఎలా రాసుకుందో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిసినవాళ్ళను అడిగితే ముందు నన్ను పరీక్ష చేయించుకోమంటారని అడగలేదు.

వదినకు చెప్పలేదు. ఆమె కొబ్బరినీళ్ళ గురించి ఏడుస్తోంది. చెబితే ఆ ఏడుపు తగ్గుతుందేమో, నా మీదికి వస్తుందేమో. రోజూ అనుకుంటాను, చెప్పడం లేదు.

చేసింది ఒక్కటే. నకలు మిషన్‌కు కావాలనే ఆలస్యం పెట్టే వీలు ఒకటి ఉంటుంది. ఎంతసేపని చెబితే అంతసేపు ఆగి గానీ అది డిక్టేషన్ రాసుకోదు. ఎవరైనా తెలివితక్కువవాడు పొరపాటున ఏదైనా తీసేస్తే, ఆ లోపల అందులోంచి తెచ్చుకోవచ్చని దాన్ని పెడతారు. మేనేజరుకు అదే కారణం రాసి పంపాను. బాగుందన్నాడు. ధర్మవరం మిషన్‌కు గంట పెట్టాను.

ఇప్పుడు హిందూపురంలో ఎవరి నెత్తురులో ఏముందో అందరికీ తెలిశాక, గంట ఆగి దానికి తెలుస్తుంది. మొన్న పనిమీద ధర్మవరం వెళ్ళినప్పుడు సరిగ్గా పన్నెండుకు హిందూపురంలో ఎక్కిన ఒక రిపోర్టును నా ఫోనులో చూశాను. ధర్మవరం మిషన్‌ను అడిగాను. లేదంది. తిప్పన్నతో కుర్చీ తెప్పించుకొని దాని ముందర కూర్చున్నాను. పావుగంటకోసారి అడిగాను. లేదు, లేదు, లేదు అంది.

ఒంటిగంటకు దానికి తెలిసింది. అప్పుడు లేచి బస్సుకు వెళ్ళాను.